పద్దెనిమిది అంగుళాల దారి

మార్చి 2

అక్కా,

మోకాలు ఎలా ఉంది? నేను బాగానే ఉన్నానని రాస్తే నువ్వెలాగూ నమ్మవు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నా కుడి చెయ్యి ఇక పైకి లేవడం లేదు. పద్నాలుగేళ్ళుగా రోజుకి మూడు నాలుగు విమానాలు తుడుస్తున్నాను కదా. సీట్ల కింద తుడవడం పెద్ద పని కాదు. తల మీద సామాన్లు పెట్టే అరలు తుడవాలంటే మాత్రం చెయ్యి ఎత్తి పట్టుకునే ఉండాలి. ఇప్పుడు కుడి మోచేతిని ఎడమ చేత్తో పైకి నెట్టి తుడుస్తున్నాను. తల దువ్వుకోవాలంటే తలనే చేతి దగ్గరికి దించుకుంటున్నాను.

భుజంలో కండ తెగిందట, కోసి కుట్టాలని డాక్టరు చెప్పాడు. కుట్టడమే అయితే మా అక్కని పిలిపిస్తానన్నాను. ఆయన నవ్వలేదు. జూన్ 11న ఆపరేషన్. తర్వాత ఆరు వారాలు ఆ చేతిని కదపకూడదు. ఇంట్లో ఉండి చూసుకునే మనిషి ఎవరో ఒక ఫారంలో రాసి మే 15 లోపు ఇస్తేనే తేదీ ఖాయం చేస్తారు. లేకపోతే ఆ తేదీ ఇంకొకరికి పోతుంది, మళ్ళీ నా వంతు రావడానికి ఏడాది పడుతుంది. ఈ భుజంతో ఇంకో ఏడాది నన్ను పనిలో ఉంచరు. మా సూపర్‌వైజరు ఇప్పటికే నా వంక అదోలా చూస్తోంది.

ఫారంలో నీ పేరు రాశాను. అడక్కుండా రాసినందుకు తిట్టు, కానీ రా.

మాకు రెండేళ్ళకోసారి, మాకైనా దగ్గరి బంధువుకైనా వాడుకునేలా ఒక పాసు ఇస్తారు. విమానంలో సీటు మిగిలితేనే ఎక్కిస్తారు. చివర్లో పేరు పిలుస్తారు, అప్పటిదాకా హాల్లో కూర్చోవాలి. బయల్దేరే వేళ, చేరే వేళ ఉన్న కాగితం ఇందులో పెట్టాను. సీటు జేబులో ఉండే పుస్తకంలోంచి దారి బొమ్మ కూడా చింపి పెట్టాను, నీకు బొమ్మలంటే ఇష్టమని. ఫోను చేద్దామంటే నీకు వినపడదు, నాకు అరిచే ఓపిక లేదు.

నీ చెల్లి


మార్చి 14

నిద్రమొహమా,

నీ ఉత్తరం పదకొండు రోజులకి చేరింది. విమానంలోనే కదా వచ్చింది, మరి మిగతా పది రోజులూ ఎక్కడ కూర్చుని కబుర్లు చెప్పుకుందో. అమ్మ ఉంటే పోస్టాఫీసుకి వెళ్ళి నిలదీసేది. ముప్ఫై ఒక్కేళ్ళు ఉత్తరాలు వేరుచేసి అరల్లో పడేసిన మనిషి. ఏ ఊరి ఉత్తరం ఎన్నాళ్ళకి చేరాలో వేళ్ళ మీద ఉండేది ఆవిడకి.

ఆఫీసు వాళ్ళు పారేస్తే అమ్మ చుట్టి తెచ్చుకున్న ఆ పాత పటం ఇంకా గోడ మీదే ఉంది, మంచానికి ఎదురుగా. నీ బొమ్మ చూశాక టేపు తీసి కొలిచాను. మా ఊరి నుంచి నీ ఊరికి సరిగ్గా పద్దెనిమిది అంగుళాలు. అంగుళానికి ఎనిమిది వందల కిలోమీటర్లని పటం మూలన రాసుంది. అంటే పద్నాలుగు వేల నాలుగు వందలు. నీ బొమ్మ మీద చూస్తే పన్నెండు వేల తొమ్మిది వందలే వేశారు. మధ్యలో పదిహేను వందల కిలోమీటర్లు ఎవరు మింగారు? పైగా ఆ గీత నిటారుగా పోకుండా వంకరగా పైకెక్కి దిగుతోంది. నేనలా కత్తెర పట్టుకుంటే మా మేస్త్రి ఊరుకుంటాడా?

వస్తాను. ఇంకెవరొస్తారు నీకు? జూన్ అంటే బళ్ళు తెరిచే కాలం, యూనిఫారాల పని పీకల్దాకా ఉంటుంది. సెలవు అడిగితే మేస్త్రి మొహం మాడ్చుకున్నాడు. నలభై ఏళ్ళు అతని మిషన్ల రొదలో చెవులు పోగొట్టుకున్నాను, రెండు నెలలు ఇవ్వకపోతే ఎలా అని గట్టిగానే అడిగాను. నేను మామూలుగా మాట్లాడినా గట్టిగానే ఉంటుందిట. ఇచ్చాడు.

భయమల్లా ఈ మోకాలితో రోజున్నర ఎలా కూర్చోవాలా అనే. నీకేం, కూర్చుంటే చాలు, కళ్ళు మూతలు పడతాయి. చిన్నప్పుడు గుడ్డ మూటల మీద పడుకుని నిద్రపోతే బట్టల్తో పాటు బండెక్కించబోయారు నిన్ను. బస్సులో నిలబడే నిద్రపోయి రెండు స్టాపులు దాటిపోయేదానివి. నీ పక్కన కూర్చోబెడితే నాకూ పట్టేదేమో.

వేళల కాగితం ఇంకా చూడలేదు, అంకెలు చీమల్లా ఉన్నాయి. భూతద్దం మిషన్ సొరుగులో ఉండిపోయింది, రేపు తెస్తాను. చెయ్యి ఎక్కువ ఎత్తకు.

అక్క


మార్చి 17

చెల్లీ,

భూతద్దం తెచ్చి చూశాను. ఒకటికి నాలుగుసార్లు చూశాను. ఇక్కడ ఉదయం పదకొండు పదికి బయల్దేరుతుంది. అక్కడ సాయంత్రం ఐదు నలభైకి చేరుతుంది. రెండింటి పక్కనా ఒకటే తేదీ. అంటే ఆరున్నర గంటలు.

నాలుగేళ్ళ కిందట రోజున్నర అన్నావు. పై వాటా నర్సు ఫోనులో నాకు వినపడకపోతే, ఆ అమ్మాయి విని నాకు కాగితం మీద రాసి చూపించింది. ఆ కాగితం ఇప్పటికీ ఉంది నా దగ్గర. ‘సీటు దొరకలేదు, దొరికినా రోజున్నర ప్రయాణం, అందుకోలేను’ అని.

అమ్మ మంగళవారం పడింది. బుధవారం సాయంత్రం పోయింది. ఆరున్నర గంటల దూరంలో ఉన్నదానివి రాలేకపోయావు.

ఈ వేళ ఇంతకంటే రాయలేను. ఫారం సంగతి తర్వాత చూద్దాం.

అక్క


మార్చి 26

అక్కా,

నీ పద్నాలుగో తేదీ ఉత్తరం నిన్న అందింది. బస్సులో చదువుతూ నవ్వుతుంటే పక్కనావిడ నా వంక చూసింది. వస్తానన్నావు, అది చాలు. ఫారం మీద సంతకం పెట్టి కవరులో దాచాను. మేలో ఇస్తాను. చాలా రోజుల తర్వాత ఇవాళ భుజం నొప్పి కాస్త తక్కువగా ఉన్నట్టనిపించింది, నిజంగా తగ్గిందో లేదో మరి.

పదిహేను వందల కిలోమీటర్లని ఎవరూ మింగలేదు. మా సూపర్‌వైజరు గదిలో భూగోళం బంతి ఉంది. దాని మీద నీ ఊరి నుంచి నా ఊరికి దారం బిగించి లాగితే అది పైనుంచే పోతుంది, అదే దగ్గరి దారి. చదునుగా పరిచిన కాగితం మీద అది వంకరగా కనబడుతుంది. మీ పక్కింటి పిల్లల దగ్గర బంతి ఉంటే లాగి చూడు.

రోజూ మీ ఊరి విమానం మా బృందానికే వస్తుంది. ఆరుగురం. నలభై నిమిషాల్లో తుడిచి, దుప్పట్లు మార్చి, జేబుల్లో చెత్త తీసి దిగిపోవాలి. మీ ఊళ్ళో పొద్దున బయల్దేరింది సాయంత్రానికి మా చేతికొస్తుంది. సీట్లింకా వెచ్చగానే ఉంటాయి. మొన్న ఒక జేబులో కట్టుడుపళ్ళ సెట్టు, ఇంకో జేబులో ఒంటి మేజోడు దొరికాయి. ఆ పళ్ళాయన దిగి ఏం తింటున్నాడో పాపం. ఒక్కోసారి ముప్ఫై ఒకటో వరుస కిటికీ సీటు మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడతాను. పొద్దున అది నీ ఊళ్ళో ఉంది కదా అనుకుంటాను. తర్వాత ఎవరో కేక వేస్తారు, కదులుతాను.

ఒక్క మాట అక్కా. నన్ను నిద్రమొహమని పిలవకు. ఎందుకని అడక్కు. పిలవకు, అంతే.

చెల్లి


మార్చి 29

అక్కా,

నీ రెండో ఉత్తరం నిన్న వచ్చింది. చదివి పనికి వెళ్ళాను. పని చేస్తూనే ఉన్నాను కానీ ఏం చేశానో గుర్తులేదు.

ఆరున్నర గంటలు కాదక్కా. ఆ కాగితం మీద బయల్దేరే వేళ మీ ఊరి గడియారంలో వేస్తారు, చేరే వేళ మా ఊరి గడియారంలో వేస్తారు. మా గడియారం మీకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. నేను సాయంత్రం ఐదు నలభైకి ఆ విమానం ఎక్కి తుడుస్తుంటే నీకు అప్పటికే తేదీ మారిపోయి ఉంటుంది. ఆరున్నరకి ఎనిమిదిన్నర కలుపు. పదిహేను గంటలు గాల్లోనే ఉంటుంది. ఇంటి నుంచి ఇంటికి లెక్కేస్తే దాదాపు ఒక రోజు. పై వాటా నర్సుని అడుగు, ఆ అమ్మాయి చెబుతుంది.

ఆరున్నర గంటల దూరంలో ఉండి రాలేదనుకున్నావు కదా. పన్నెండు రోజులుగా అలాగే అనుకుంటూ ఉండి ఉంటావు. ఈ ఉత్తరం చేరేదాకా ఇంకో పదకొండు రోజులు అలాగే అనుకుంటావు. దానికి నేనేం చెయ్యను?

చెల్లి


ఏప్రిల్ 7

చెల్లీ,

నీ మార్చి 26 ఉత్తరం నిన్న వచ్చింది. నా రెండో ఉత్తరం నీకింకా చేరినట్టు లేదు, చేరి ఉంటే బంతుల కబుర్లు రాసేదానివి కాదు.

పొద్దున మా ఊళ్ళో బయల్దేరింది సాయంత్రానికి నీ చేతికొస్తుందని నువ్వే రాశావు. ఇంక నేను చెప్పడానికి ఏముంది? రోజూ వస్తోంది, రోజూ తుడుస్తున్నావు, సీటు మీద చెయ్యి పెట్టి నిలబడుతున్నావు. ఆ బుధవారం కూడా వచ్చే ఉంటుంది కదా? తుడిచే ఉంటావు.

నిద్రమొహం అని పిలవొద్దన్నావు. పెద్దదానివయ్యావు, మర్యాదలు కావాలి. సరే, పిలవను. ఆ పేరు పెట్టింది నేను కాదు, అమ్మ.

ఫారంలో ఇంకెవరి పేరైనా రాసుకో. నీ బృందంలో ఆరుగురున్నారు కదా.

అక్క


ఏప్రిల్ 12

చెల్లీ,

నీ గడియారాల ఉత్తరం వచ్చింది. రెండు రోజులు ఆ అంకెలు కలుపుతూ, తీసేస్తూ కూర్చున్నాను. పై వాటా నర్సు దగ్గరికి కాగితం తీసుకెళ్ళాను. అక్కడ పగలైతే ఇక్కడ రాత్రి అని మీకు తెలీదా పెద్దమ్మా అంది. తెలుసు. తెలియకేం? కానీ కాగితం ఏ ఊరిదైతే అంకెలన్నీ ఆ ఊరి గడియారానివే అనుకున్నాను. అమ్మ పోస్టాఫీసులో పంపిన వేళ, అందిన వేళ రెండూ ఒకే గోడ గడియారం చూసి రాసేవాళ్ళు కదా. చిన్నప్పుడు ఆ పుస్తకాల పక్కనే కూర్చుని పెరిగాను. అలాంటి తలకాయ నాది, ఏం చేస్తావు.

పక్కింటి పిల్లల బంతి మీద దారం కూడా లాగి చూశాను. నీ మాటే నిజం. దాన్ని నాకు ముందే ఇంకోలా చెప్పి ఉంటే తొందరగా అర్థమయ్యేది. చదును గుడ్డ గుండ్రటి భుజం మీద కూర్చోదు, ఎక్కడో మడిచి డాటు వెయ్యాలి. డాటు విప్పి బల్ల మీద పరిస్తే నిటారు కుట్టు కూడా వంకరగానే కనబడుతుంది. నలభై ఏళ్ళుగా చేస్తున్న పనే.

కాబట్టి ఆ పదిహేను వందల కిలోమీటర్ల విషయంలో, ఆరున్నర గంటల విషయంలో నాదే తప్పు. ఏడో తేదీన రాసిన ఉత్తరం నీకు చేరితే చింపెయ్. అది రాసిన చేతిని నేనే కొట్టుకున్నాను.

కానీ చెల్లీ, లెక్క మొదలుపెట్టాక మధ్యలో ఆపలేకపోయాను. మంగళవారం సాయంత్రం ఆరింటికి నర్సు చేత నీకు ఫోను చేయించాను. నీకు అప్పుడు ఉదయం తొమ్మిదిన్నర. బయల్దేరుతున్నాను, పాసు ఉంది అన్నావు. అమ్మకి చెప్పేశాను. బుధవారం తెల్లారే వేళకి నీ రెండో ఫోను. సీటు లేదు, రోజున్నర ప్రయాణం, అందుకోలేను. పదిహేను గంటలే అయితే రోజున్నర ఎక్కడిది? ఇంటి నుంచి ఇంటికి అయినా రోజే అని నువ్వే రాశావు. ఆ మంగళవారం నువ్వు ఎక్కి ఉంటే అమ్మని చూసేదానివి కాదూ?

నేను తగువుకి అడగడం లేదు. తగువులాడే ఓపిక నాకూ లేదు. ఈసారి అంకెలు రాయకు. జరిగింది రాయి.

అక్క


ఏప్రిల్ 26

అక్కా,

ఏడో తేదీ ఉత్తరం ముందు వచ్చింది, పన్నెండో తేదీది తర్వాత వచ్చింది. దేన్నీ చింపలేదు.

జరిగింది రాస్తాను. నాలుగేళ్ళుగా మనసులో ఇన్నిసార్లు రాసుకున్నాను, కాగితం మీద మాత్రం రావడం లేదు. ఎక్కడైనా తడబడితే క్షమించు.

ఆ సోమవారం మా బృందంలో ఇద్దరు రాలేదు. వాళ్ళ పని కూడా చెయ్యమంటే సోమవారం మధ్యాహ్నం నుంచి మంగళవారం ఉదయం దాకా వరసగా చేశాను. పని దిగి బట్టలు మార్చుకుంటుంటే నర్సు ఫోను వచ్చింది. ఇంటికి కూడా వెళ్ళలేదు. అదే సంచీతో పాసు రాయించుకుని, పదకొండింటికల్లా హాల్లో కూర్చున్నాను. ఆ రోజుల్లో మీ ఊరి విమానం మధ్యాహ్నం నాలుగింటికి బయల్దేరేది. పాసు వాళ్ళని చివర్లో పిలుస్తారు కాబట్టి బల్లకి ఎదురుగా ఉన్న కుర్చీ చూసుకున్నాను, పిలిస్తే వెంటనే లేవచ్చని.

నిద్రపోయానక్కా.

మూడింటిదాకా కళ్ళు తెరిచే ఉన్నాను. మూడుసార్లు మొహం కడుక్కున్నాను. నాలుగోసారి లేవబోయి, ఇంకొక్క నిమిషం అనుకున్నాను. లేచేసరికి ఐదున్నర. హాలు ఖాళీ. బల్ల దగ్గర ఇంకో అమ్మాయి ఉంది. సీటు మిగిలిందట. నా పేరు మూడుసార్లు పిలిచారట. నేను లేవకపోతే వెనకున్నాయన్ని ఎక్కించారు. ఎవరైనా నా భుజం తట్టి ఉండొచ్చు కదా అని అడిగాను. పిలవడమే మా పని, తట్టి లేపడం కాదు అంది. ఆ పిల్లదీ తప్పు కాదు.

నాలుగు గంటలు నీకు ఫోను చెయ్యలేక రోడ్ల మీద తిరిగాను. చేశాక నర్సుతో నిద్రపోయానని చెప్పడానికి నోరు రాలేదు. అమ్మ మంచంలో ఉంటే నిద్రపోయానని ఎలా చెప్పను? దూరం అని చెప్పాను. దూరానికి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు కదా. మరుసటి రోజు విమానానికైనా వెళ్దామనుకున్నాను, ఈలోపే నర్సు మళ్ళీ ఫోను చేసింది.

నేనూ లెక్క వేశాను, నీకంటే ముందే. ఎక్కి ఉంటే బుధవారం మీ వేళకి మూడున్నరకి దిగేదాన్ని. ఐదింటికి అమ్మ మంచం దగ్గర ఉండేదాన్ని. ఆరింటికి పోయిందని చెప్పావు. ఒక్క గంట చూసేదాన్ని. పద్నాలుగేళ్ళలో నేను చూడాల్సింది ఆ ఒక్క గంట.

అప్పటి నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టదు. ఆ పేరుతో పిలవొద్దన్నది అందుకే. మర్యాద కోసం కాదు.

అమ్మ నా కోసం గుమ్మం వంక చూస్తూ పోయి ఉంటుంది. ఆ మాట నిన్ను ఎప్పుడూ అడగలేదు, నువ్వు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పకు.

ఫారంలో నీ పేరు కొట్టేస్తాను. నీకు కోపం వచ్చిందని కాదు, నాకు మొహం చెల్లక. మే 15 దాకా కవరు నా దగ్గరే ఉంటుంది, ఆ రోజు ఖాళీగా ఇచ్చేస్తాను. భుజం ఎలా అవ్వాలో అలా అవుతుంది.

నీ చెల్లి


మే 8

చెల్లెమ్మా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివి, మేస్త్రికి చెప్పకుండా ఇంటికొచ్చేశాను. ఈ ఉత్తరం నిన్ను చేరేసరికి మే 15 దాటిపోతుంది కాబట్టి నర్సు చేత నీకు ఫోను చేయించాను. రెండే మాటలు చెప్పమన్నాను, పేరు కొట్టెయ్యకు, కవరు ఇచ్చెయ్ అని. నువ్వు సరే అన్నావని ఆ అమ్మాయి మళ్ళీ కాగితం మీద రాసి చూపించింది. ఈ కాగితం కూడా దాచాను, పాతదాని పక్కనే.

చెప్పకు అన్నావు. చెబుతాను. నువ్వు దాచింది నువ్వు చెప్పావు, నేను దాచింది నేను చెప్పొద్దూ?

బుధవారం తెల్లారే వేళకి నీ రెండో ఫోను వచ్చింది, నువ్వు రావడం లేదని. పైనుంచి కిందికి మెట్లు దిగుతూ అమ్మకి ఎలా చెప్పాలా అనుకున్నాను. గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ కళ్ళు తెరిచి పటం వంక చూస్తోంది. ఎక్కడిదాకా వచ్చింది అని అడిగింది, ఆవిడ పెదాలు చూసి మాట పట్టుకోవడం నాకు అలవాటే. టేపు తీసి పటం మీద పెట్టి, ఐదంగుళాలు వచ్చిందమ్మా అన్నాను.

అంతే, ఇంక ఆపలేకపోయాను. గంట గంటకీ అడిగేది. గంట గంటకీ లేచి టేపు జరిపేదాన్ని. ఎనిమిది అంగుళాలు అంటే ఆ కింద ఏ ఊరుందో తనే చెప్పేది. ఆ ఊరి ఉత్తరాలు కిటికీ పక్క అరలో వేసేదాన్ని అనేది. సముద్రం దాటిందా అంటే దాటిందన్నాను. నర్సు సూది మందు ఇవ్వడానికి వచ్చి, నేను చెప్పే అబద్ధం విని, తన పని చేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజంతా నిన్ను నా చేత్తోనే తీసుకొచ్చాను. మూడింటికి పదహారు అంగుళాలు.

ఐదింటికి వచ్చేసిందమ్మా, దిగి కింద మెట్లెక్కుతోంది అన్నాను. ఇంకా సాగదీస్తే ఆవిడ ఉండదని తెలిసింది. సరిగ్గా ఐదింటికే చెల్లీ. నీ ఉత్తరంలో ఐదింటికి అమ్మ మంచం దగ్గర ఉండేదాన్ని అని చదివాక కాగితం పక్కన పెట్టేసి మళ్ళీ సాయంత్రం దాకా తియ్యలేదు.

అమ్మ గుమ్మం వంక చూడలేదు. నీ కోసం ఎదురుచూస్తూ పోలేదు. నువ్వు వచ్చేశావనుకుంది. నేను గుమ్మం దాకా వెళ్ళి, నిన్ను పిలుస్తున్నట్టు నటించి తిరిగొచ్చేసరికి నా చెయ్యి పట్టుకుంది.

“దాన్ని ఇప్పుడే ఇటు తీసుకురాకు. అంత దూరం వచ్చింది, అలిసిపోయి ఉంటుంది. ముందు పక్క వెయ్యి, పడుకోనివ్వు. లేచాక చూస్తాను.”

పక్క వేశాను. ముందుగదిలో, కిటికీ పక్కన, నీ పాత దుప్పటితో. దుప్పటి దులిపిన చప్పుడు ఆవిడకి వినపడాలని గట్టిగా దులిపాను. వేసి వచ్చేసరికి కళ్ళు మూసుకుంది. ఇంక తెరవలేదు. ఆరింటికి పోయింది.

నాలుగేళ్ళుగా ఇది ఎవరికీ చెప్పలేదు. పోయే మనిషికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అబద్ధం చెప్పాను, అది ఒకటి. నువ్వు వచ్చి ఉంటే ఆ అబద్ధం నాకు తప్పేది కదా అని నీ మీద కోపం, అది ఇంకోటి. ఆ రెండో దాన్ని చూసుకుంటూ మొదటిదాన్ని మరిచిపోయేదాన్ని. నువ్వు దూరాన్ని అడ్డం పెట్టుకున్నావు. నేను అదే దూరాన్ని టేపుతో కొలిచి ఆవిడకి చూపించాను. ఎవరిది పెద్ద తప్పో తేల్చుకునే ఓపిక నాకు లేదు. నీకూ లేదని తెలుసు.

జూన్ 4న వస్తున్నాను. సీటు మిగలకపోతే 5న, అదీ కాకపోతే 6న. పేరు పిలుస్తారన్నావు. ముప్ఫైసార్లు పిలిచినా నాకు వినపడదు కాబట్టి కుర్చీలో కూర్చోను. ఆ బల్లకి ఆనుకుని నిలబడతాను, వాళ్ళ మొహం వంకే చూస్తూ. విసుక్కుంటే విసుక్కోనీ. మోకాలి సంగతి మోకాలు చూసుకుంటుంది. గుడ్డ పట్టీ ఒకటి కుట్టాను, నీ చెయ్యి మెడకి వేలాడేసుకోవడానికి. ఆస్పత్రి వాళ్ళిచ్చేది మెడ దగ్గర కోస్తుంది, నాకు తెలుసు.

నన్ను తీసుకెళ్ళడానికి రావద్దు. చిరునామా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పంపు, ఎవరికైనా చూపించి వచ్చేస్తాను. నేను ఎక్కానని నర్సు ఫోను చేస్తుంది. చేశాక తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పడుకో. పదిహేను గంటలున్నాయి నీకు. నేను వచ్చేసరికి నువ్వు నిద్రలో ఉంటే లేపను. లేచాక చూస్తాను.

నీ అక్క